ఆ మాట లేని కాగితాలు

నోరు పారేసుకోవడం నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాడిని. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన జనం లోపల్నుంచి తిడుతూ ఉంటే బయట్నుంచి సమాధానం చెప్పీ చెప్పీ, మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుందని మా ఆవిడ అంటుంది. కానీ ఆ శనివారం డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక నేనన్న మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా గుండె లోపలి గోడకి చిన్న కండ ఒకటి అంటుకుని పెరుగుతోంది. స్కానులో చూపించాడు డాక్టరు. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది అటూ ఇటూ ఊగుతోంది. ఛాతీ తెరిచి తీసేయాలన్నాడు. తీయకపోతే అందులోంచి ఒక ముక్క ఊడి మెదడుకి పోవచ్చు, అది ఈ నెలా, రెండేళ్లకా అన్నది ఎవరూ చెప్పలేరన్నాడు. పై నెల మొదటి వారంలో ఒక తేదీ ఖాళీగా ఉంది. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ఏ సంగతీ చెప్పకపోతే ఆ తేదీ ఇంకొకరికి వెళ్తుంది, మేం మరో మూడు నెలలు ఆగాలి.

"నేను చేయించుకోను," అన్నాను మెట్ల దగ్గర.

"ఎందుకండీ?" అంది మా ఆవిడ.

"ఎందుకేమిటి? నడుస్తూ తిరుగుతూ ఉన్నవాణ్ణి, ఛాతీ కోయించుకుని మంచాన పడమంటావా? నాలాంటివాడు, నా వయసువాడు, ఒక్కడంటే ఒక్కడు ఈ ఆపరేషన్ చేయించుకుని మళ్లీ పనిలోకెళ్లినట్టు కాగితం మీద చూపించు. అక్కడికక్కడే సంతకం పెడతా."

ఆవిడ నోరు మూయించడానికన్న మాట అది. నాకు భయమేస్తోందని చెప్పడం చేతకాక అన్నాను. మా ఆవిడేమో దాన్ని ఆర్డరు కింద తీసుకుంది. బడి యూనిఫారాలు కుట్టే మనిషి. ఎవరేం అడిగినా కొలతల పుస్తకంలో రాసుకోవడం, చెప్పిన రోజుకి ఇచ్చేయడం, అంతే ఆవిడకి తెలిసింది. నన్ను మెట్ల మీదే నిలబెట్టి మళ్లీ డాక్టరు గదిలోకి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో ఒక చీటీ ఉంది. ఫోనులో వెతికితే ఉన్న నిద్ర కూడా పోతుంది, చదవాలనుంటే మెడికల్ కాలేజీ లైబ్రరీకి వెళ్లండి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా రోగుల ఇంటివాళ్లని కూర్చోనిస్తారు, అని డాక్టరే రాసిచ్చాడట.

సోమవారం ఇద్దరం బయల్దేరాం. నన్ను ఒంటరిగా ఉంచొద్దన్నారు కాబట్టి ఆవిడ ఎక్కడుంటే నేనక్కడ ఉండాలి. లైబ్రరీ రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపుకి 'పనిచేయుట లేదు' అని అట్ట వేలాడుతోంది. తలుపు సందులోంచి తొంగిచూశాను. పావుగంట పని.

"ముట్టుకున్నారంటే ఊరుకోను," అంది మా ఆవిడ. మలుపు తిరిగిన చోటల్లా ఆగి ఊపిరి తీసుకుంటూ మెట్లెక్కాను. నా బతుకులో పాడైన లిఫ్టుని ముట్టుకోకుండా వదిలేసి మెట్లెక్కింది అదే మొదటిసారి.

లైబ్రరీ చూసుకునే మేడమ్‌కి నలభై ఏళ్లుంటాయి. ఇరవై ఏళ్లుగా నిశ్శబ్దం కాపలా కాసీ కాసీ ఆవిడ గొంతు గుసగుసలోనే స్థిరపడిపోయింది. వచ్చినప్పుడు గుసగుస, పొమ్మన్నప్పుడు గుసగుస. నేను ఆవిడకి గుసగుస మేడమ్ అని పేరు పెట్టాను. మమ్మల్ని ఆవిడ మొదటిరోజే అన్నయ్య, వదిన అనడం మొదలుపెట్టింది. పెళ్లయిన ముప్పై ఏళ్లకి నీకు ఆడపడుచు పోరు మొదలైందని మా ఆవిణ్ణి ఏడిపించాను.

కిటికీ పక్క బల్ల మీద కంప్యూటర్. ప్రపంచంలో డాక్టర్లు రాసిన పరిశోధనల పట్టిక అంతా అందులో ఉందట. మా ఆవిడ మొదట ఏం టైపు చేసిందో చెబితే మీరు నవ్వుతారు. మా ఆయన గుండెలో కండ పెరిగింది, ఆపరేషన్ చేయించవచ్చా, అని తనకొచ్చిన ఇంగ్లీషులో పూర్తి వాక్యం, చివర 'ప్లీజ్' కూడా పెట్టి కొట్టింది. సున్నా వచ్చింది.

"దానికి మర్యాదలు తెలీవు వదినా," అంది గుసగుస మేడమ్. "అది మనిషి కాదు. మాటలు ముక్కలుగా ఇవ్వాలి. ఏ ముక్కకి ఏ ముక్క కలపాలో కూడా మనమే చెప్పాలి."

ఆ రెండు గంటలూ పాఠం నడిచింది. నేను వెనక బెంచీ మీద కూర్చుని పాత పత్రిక చూస్తున్నట్టు నటిస్తూ అంతా విన్నాను. రెండు మాటల మధ్య 'ఆండ్' పెడితే రెండూ ఉన్న కాగితాలే వస్తాయి. 'ఆర్' పెడితే ఏ ఒక్కటి ఉన్నా వస్తాయి. 'నాట్' పెడితే ఆ తర్వాత రాసిన మాట ఉన్న కాగితాలు పోతాయి. కలిసి ఉండాల్సిన మాటలకి అటూ ఇటూ కోట్స్ పెట్టాలి. 'సర్జ్' అని సగం రాసి పక్కన నక్షత్రం గుర్తు పెడితే సర్జరీ, సర్జన్, సర్జికల్ అన్నీ వాటంతటవే వచ్చి చేరతాయి. వెతికిన ప్రతిసారికీ ఒక నంబరు పడుతుంది, తర్వాత ఆ నంబర్లనే ఒకదానితో ఒకటి కలుపుకోవచ్చు.

"అంటే ఆండ్ కుట్టు లోపలికి పట్టడం, ఆర్ వదులు చేయడం, నాట్ కత్తెర," అంది మా ఆవిడ.

"కాలేజీ పిల్లలకి ఇది చెప్పడానికి నాకు వారం పడుతుంది వదినా," అంది గుసగుస మేడమ్.

నాకు లోపల గర్వంగానే అనిపించింది. పైకి మాత్రం గట్టిగా ఆవులించాను.

నేర్చుకున్నదంతా మా ఆవిడ కొలతల పుస్తకంలోనే రాసుకుంది. ఆ పుస్తకంలో ఒక్కో పిల్లకీ ఒక్కో పేజీ, పైన పేరు, కింద భుజం, ఛాతీ, నడుము. కొత్త పేజీ తీసి పైన 'ఆయన' అని రాసింది. కింద వరసగా నంబర్లు, వాటి ఎదురుగా ఆ ఇంగ్లీషు ముక్కలు. ఇంటికొచ్చాక కూడా మిషను ముందు కూర్చుని, కాలితో తొక్కుతూ, పెదాలు కదుపుతూ ఆండ్‌లూ ఆర్‌లూ వల్లెవేసేది.

"పరీక్షలెప్పుడు?" అని అడిగాను.

"శుక్రవారం," అంది తలెత్తకుండా.

మంగళవారం అరవై చిల్లర కాగితాలు వచ్చాయి. బుధవారానికి ముప్పై ఒకటి అయ్యాయి. గురువారం తొమ్మిది. రోజురోజుకీ తగ్గుతుంటే, ఈవిడకి పని బాగా పట్టుబడుతోంది, పొల్లు పోయి గింజ మిగులుతోంది అనుకున్నాను. స్క్రీను వైపు మాత్రం చూడలేదు. చూడమని ఆవిడ రెండుసార్లు పిలిచింది. నీ పని నువ్వు చూసుకో, దొరికితే చెప్పు అన్నాను. నా పంతం నాది.

గురువారం సాయంత్రం ఆ తొమ్మిది కాగితాలూ ఆవిడా, గుసగుస మేడమూ కలిసి చదివారు. రెండు కుందేళ్ల మీద రాసినవి. ఒకటి కుక్క గుండె గురించి. మూడు స్కాను మిషన్ల గురించి, ఏ కోణంలో పెడితే బొమ్మ బాగా వస్తుందని. ఒకటి మత్తు మందు మోతాదు గురించి. మిగతా రెండింట్లో బొమ్మలు తప్ప ఏమీ లేవు. ఆపరేషన్ అయి ఇంటికెళ్లిన మనిషి ఒక్కడు కూడా లేడు.

ఆవిడ నా దగ్గరికొచ్చి బెంచీ మీద కూర్చుంది.

"చూశావా," అన్నాను నేను. "ప్రపంచమంతా గాలించావు కదా. ఒక్కడూ లేడు. ఉంటే రాయరా?"

గెలిచినట్టే అన్నాను. కానీ ఆ మాట నోట్లోంచి రాగానే నాకే భయమేసింది. నేను పందెం వేసింది ఓడిపోదామని. అది అప్పుడు తెలిసింది. ఈవిడ ఎక్కడో ఒక మనిషిని పట్టుకొస్తుందని, ఇదిగో ఇతను బాగున్నాడు అని చూపిస్తుందని, సణుక్కుంటూ సంతకం పెట్టేస్తానని లోలోపల నమ్ముకుని కూర్చున్నాను. ప్రపంచంలో ఒక్కడూ లేడంటే నేనేమవుతాను?

ఆ సాయంత్రం ఇద్దరం అన్నం ముందు కూర్చుని కెలికి లేచాం. ముప్పై ఏళ్లలో మాకు పిల్లలు కలగలేదు, అందుకని ఇంట్లో ఎప్పుడూ ఇద్దరి గొంతులే. ఆ రోజు అవీ లేవు. చెయ్యి పట్టుకుని భయంగా ఉందే అని ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేకపోయాను.

శుక్రవారం రెండింటికి మళ్లీ వెళ్లాం. ఎందుకు వెళ్లామో ఇద్దరికీ తెలీదు. మా ఆవిడ కూర్చుని ఏదో కొట్టింది, మళ్లీ ఆ తొమ్మిదే. మూడు దాటాక ఆవిడ ఫోను బర్రుమని కదిలింది. ఆసుపత్రి నుంచి. లైబ్రరీలో మాట్లాడకూడదు కాబట్టి ఆవిడ వరండాలోకి వెళ్లింది. అద్దం తలుపు అవతల నిలబడి, ఫోనుకే దండం పెడుతున్నట్టు వంగి మాట్లాడుతోంది. అయిదు దాటినా కాసేపు ఆగమని బతిమాలుతోందని ఇక్కడికే తెలుస్తోంది.

నేను లేచి ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. స్క్రీను వైపు తప్పించి ఎటు చూడాలో తోచక కొలతల పుస్తకం తెరిచాను. లిఫ్టు ఆగిపోతే నేను మొదట చేసే పని వైరింగు పటం తీసి, కరెంటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో ఒక్కో గీతా వేలితో వెంబడించడం. ఈ పేజీ కూడా అలాగే చూశాను.

మొదటి నంబరు: గుండెలో కండకి డాక్టర్లు పెట్టుకున్న పేర్లు నాలుగు, మధ్యలో ఆర్‌లు. రెండోది: సర్జ్, పక్కన నక్షత్రం. మూడోది: తిరిగి పనికి వెళ్లడం, కోలుకోవడం. ఇవన్నీ నీలం సిరాతో, ఆవిడ గుండ్రటి అక్షరాల్లో. నాలుగో నంబరు మాత్రం పెన్సిలుతో ఉంది. అక్షరాలు కూడా చిన్నవి, పేజీ అడుగున ఒదిగి. మొదట 'నాట్' అని, బ్రాకెట్టు తెరిచి ఒక మాట. దాని పక్కన ఒకరోజు చేర్చినట్టు ఇంకొకటి. తర్వాత మరో రెండు. చివరికి ఏడు మాటలు. నాకు అంత ఇంగ్లీషు రాదు గానీ మొదటిది తెలుసు. ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి హై ఓల్టేజీ పెట్టెల మీద పుర్రె బొమ్మ కింద రాసి ఉంటుంది.

కౌంటరు దగ్గరికి వెళ్లి పుస్తకం చూపించాను. "మేడమ్, ఇదేమిటి?"

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని చదివింది. ఆ మనిషి గొంతు మొట్టమొదటిసారి విన్నాను. "అయ్యో వదినా," అంది, గుసగుస కాదు, మామూలు గొంతుతో. నలుగురు తలెత్తి చూశారు.

"ఏమైంది?"

"నాకు చూపించలేదు అన్నయ్యా. మిగతా లైన్లు దిద్దుకుంది, ఇది మాత్రం నాకు చూపించలేదు." మళ్లీ గొంతు తగ్గించింది. "చావు, మరణాల లెక్క, ప్రాణాంతకం... ఇలాంటి మాట ఏదున్నా ఆ కాగితం రావద్దని పెట్టింది. అలా పెడితే అసలైనవే పోతాయి. వందమందికి ఆపరేషన్ చేస్తే ఒక్కరూ చనిపోలేదు అని రాశారనుకోండి, అందులోనూ ఆ మాట ఉంది కదా. అదీ పోతుంది. బతికినవాళ్ల లెక్క రాయాలంటే ఆ మాట రాయక తప్పదు అన్నయ్యా. ఇంక మిగిలేది ఏముంది, కుందేళ్లు."

అద్దం తలుపు అవతల మా ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. భుజం గోడకి ఆనించి, చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచను, తిరిగాయి. మంగళవారం ఒక కాగితంలో ఆ మాట ఎదురై ఉంటుంది, చదవలేక కత్తెర వేసి ఉంటుంది. బుధవారం ఇంకో మాట, దానికీ కత్తెర. 'ఆయన' అని ఉన్న పేజీలో ఆ మాట ఉండకూడదని. వద్దని చెప్పడానికి కూడా దాన్ని రాయక తప్పదు గనక, చెరిపేయడానికి వీలుగా పెన్సిలుతో రాసుకుంది. నేనేమో బెంచీ మీద కూర్చుని ఆవులించాను.

ఆవిడ తిరిగొచ్చేసరికి నేను మళ్లీ ఆ కుర్చీలో ఉన్నాను.

"అయిదు దాటితే ఒక్క నిమిషం కూడా ఆగరటండీ," అంది. తర్వాత పుస్తకం తెరిచి ఉండటం చూసింది. చెయ్యి చాచి మూయబోయింది.

"కూర్చో," అన్నాను. పక్క కుర్చీ లాగాను. "ఈ నాలుగో లైను తీసేద్దాం."

"వద్దండీ."

"అది తీస్తే గానీ మనుషులు రారట. మేడమ్ చెప్పింది. బతికినవాళ్లని కూడా నువ్వే బయట నిలబెట్టావు."

ఆవిడకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక రెండు చేతులతో నోరు మూసుకుంది. "నా వల్లేనా? నాలుగు రోజులూ నా వల్లేనా? నిన్న మీరు ఒక్కడూ లేడన్నప్పుడు నేనే..."

"నీ వల్ల కాదు. నా నోటి వల్ల. చూపించు చూపించు అని నిన్ను ఇక్కడికి తోలి, చదవాల్సిన భారమంతా నీ మీద పడేసి నేను చేతులు దులుపుకున్నాను." శనివారం నుంచి దాచుకున్నది చెప్పేశాను. "నాకు భయంగా ఉందే. చచ్చిపోతానేమోనని భయంగా ఉంది."

ఆ మాట మా ఇద్దరి మధ్యకి వచ్చేసింది. ఆవిడ చెవులు మూసుకోలేదు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "నాకూ," అంది.

ఒక్క వేలితో నేనే కొట్టాను. ఒకటి ఆండ్ రెండు ఆండ్ మూడు. నాలుగు లేదు. రెండు వందల పద్నాలుగు వచ్చాయి.

గుసగుస మేడమ్ కౌంటరు వదిలి మా వెనక వచ్చి నిలబడింది. మా ఆవిడ ఒక్కో వాక్యం కూడబలుక్కుని చదువుతుంటే, అర్థం కానిచోట మేడమ్ అందుకుంది. మొదటి దాంట్లో నలభై ఒక్కమందికి ఆపరేషన్ చేశారు. మా ఆవిడ అక్కడిదాకా చదివి ఆగిపోయింది.

"చదువు," అన్నాను.

"నలభై ఒక్కమందిలో ఇద్దరు..."

"ఇద్దరు చనిపోయారు. తర్వాత?" అన్నాను.

"ముప్పై తొమ్మిది మంది ఇంటికెళ్లారు," అంది. ఆ మాట ఇంకోసారి చదివింది, ఈసారి నాకోసం కాదు, తనకోసం. "ముప్పై తొమ్మిది మందండీ."

ఇంకోదాంట్లో ఒక్కరూ పోలేదు. వేరొకదాంట్లో ముగ్గురు, వాళ్లు నాకంటే పెద్దవాళ్లు. ఒకదాంట్లో నా వయసువాళ్లే ఇద్దరు పోయారు, అదీ చదివాం, దాటేయలేదు. నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా నేనడిగింది దొరికింది. ఉద్యోగాలున్నవాళ్లలో ఎక్కువమంది మూడు నాలుగు నెలల్లో పనిలోకి తిరిగెళ్లారని ఒక్క వాక్యం.

"ఏం పనో రాశారా?" అన్నాను.

గుసగుస మేడమ్ కిందికీ పైకీ వెతికింది. "లేదు అన్నయ్యా. పని అని మాత్రమే ఉంది."

మా ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. లిఫ్టులు బాగుచేసేవాడు, నా వయసువాడు, నాలాంటివాడు, అని నేనడిగిన కొలతకి ఇది సరిపోదని ఆవిడకి తెలుసు. నేను ఇంకా మొండికేస్తే ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు.

"సరే, లే," అన్నాను. "అయిదు లోపల వెళ్లాలి."

ఆసుపత్రిలో నాలుగున్నరకి నాలుగు పేజీల ఫారం చేతికిచ్చారు. నర్సు సంతకం పెట్టాల్సిన చోట్ల గుర్తులు పెట్టి, చదవక్కర్లేదు, అందరికీ ఇదేనండీ అంది. నేను కలం మూత తీశాను.

మా ఆవిడ ఫారం లాక్కుంది. "చదువుతాను," అంది.

వరండాలో జనం మధ్య, బల్ల మీదికి వంగి, మొదటి అక్షరం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. రక్తం ఎక్కించడం గురించి, మత్తు గురించి, ఇన్ఫెక్షన్ గురించి. మూడో పేజీ మధ్యలో ఆ లైనుంది. వస్తోందని నాకు ముందే కనిపించింది. చాల్లే, ఇక వదిలెయ్ అందామనుకున్నాను.

ఆవిడ ఆగలేదు. పక్కన కూర్చున్నవాళ్లకి కూడా వినబడేలా, ఏ మాటా మింగకుండా, మరణం సంభవించే అవకాశం కలదని నాకు వివరించడమైనది, అన్నంత వరకూ చదివింది. ఆ కిందిది కూడా చదివింది. చివరి పేజీ చివరి పదం దాకా వెళ్లి, ఫారం నా వైపు తిప్పి, నేను పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించింది.

నేను పెట్టాను. సాక్షి అన్నచోట ఆవిడ సంతకం చేసింది. పక్కన, రోగికి ఏమవుతారు అని ఉన్న గడిలో, సిరాతో, గుండ్రంగా, భార్య అని రాసింది.